కొత్త కంప్యూటరు కొంటున్నారా? డిస్కు దగ్గర కాస్త ఆగండి

పెళ్లిళ్ల సీజను దగ్గర పడుతోందంటే మండల కేంద్రాల్లోని ఫొటో స్టూడియోల వారు కంప్యూటర్లు మార్చుకోవడం మామూలే. అప్పో సప్పో చేసి కొత్త పెట్టె కొనే కుర్రాళ్లు ప్రాసెసరు ఏది, ర్యామ్ ఎంత అని షాపులో పదిసార్లు అడుగుతారు. డిస్కు సంగతి వచ్చేసరికి మాత్రం ‘ఒక టి.బి. వేసెయ్యండి’ అని ఊరుకుంటారు. తీరా ఇంటికి తెచ్చాక స్విచ్ నొక్కి టీ తాగి వచ్చినా తెర సిద్ధం కాదు. పెళ్లి వీడియో ఎడిటింగు ఆగి ఆగి నడుస్తుంది. చాలాసార్లు తప్పు ప్రాసెసరుది కాదు, డిస్కుది.

తిరిగేది, తిరగనిది

పాతకాలం నుంచీ ఉన్న హార్డు డిస్కులో పళ్లేల్లాంటి రేకులు తిరుగుతుంటాయి. డెస్క్‌టాప్‌లో వాడేవి ఎక్కువగా నిమిషానికి 7,200 సార్లు తిరిగేవి. కావలసిన చోటికి ముల్లు జరిగి చదవడానికి ప్రతిసారీ సెకనులో వందోవంతు పడుతుంది. ఒకే పెద్ద ఫైలును వరసగా చదవమంటే సెకనుకు 150 నుంచి 250 ఎం.బి. దాకా బాగానే లాగుతుంది. కానీ విండోస్ మొదలవ్వాలంటే వేలకొద్దీ చిన్న ఫైళ్లు కావాలి. ఒక్కో దాని కోసం ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి. ఆలస్యమంతా అక్కడే.

ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏదీ లేదు. అంతా చిప్పులే. వెతుకులాట హార్డు డిస్కు కంటే వంద రెట్లు వేగం. వీటిలో సాటా రకం సెకనుకు సుమారు 550 ఎం.బి. చదువుతుంది. ఎన్.వి.ఎం.ఇ. రకంలో మూడో తరానివి 3,500, నాలుగో తరానివి 7,000, ఐదో తరానివి 14,000 దాకా అని డబ్బా మీద రాసి ఉంటుంది.

ఆ అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు. హార్డు డిస్కు నుంచి ఎస్.ఎస్.డి.కి మారితే తేడా చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. అక్కడి నుంచి ఎంత ఖరీదైనదానికి పోయినా సర్టిఫికెట్లు తీసే సెంటరులోనో, ఎరువుల దుకాణం లెక్కల్లోనో ఆ తేడా కంటికి ఆనదు. పైగా ఐదో తరం డిస్కులు బాగా వేడెక్కుతాయి. వేడెక్కితే వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. ఎండాకాలం రేకుల షెడ్డులో ఏ.సి. లేకుండా నడిపే వారికి అది దండగ ఖర్చు.

క్యాష్ అంటే డబ్బు కాదు

‘క్యాష్ డ్రైవు కూడా వేయించుకోండి’ అని కొందరు సలహా ఇస్తుంటారు. ఇది నగదు కాదు. బియ్యం బస్తాలు గదిలో ఉన్నా రోజువారీ వాడకానికి వంటింట్లో డబ్బా పెట్టుకుంటాం కదా, క్యాష్ అంటే ఆ డబ్బా. ఎస్.ఎస్.డి.ల ధర ఆకాశంలో ఉన్న రోజుల్లో పెద్ద హార్డు డిస్కు ముందు చిన్న వేగవంతమైన డిస్కు పెట్టి, తరచుగా వాడే ఫైళ్లు అందులో ఉంచేవారు. 2017లో ఇంటెల్ కంపెనీ ‘ఆప్టేన్’ పేరుతో 16, 32 జి.బి. డిస్కులను ఇందుకే తెచ్చింది. 2022లో ఆ వ్యాపారాన్నే ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. ఎందుకంటే 500 జి.బి. ఎస్.ఎస్.డి. ఒకటి ఉంటే విండోస్, సాఫ్టువేర్లు అన్నీ అందులోనే పడతాయి. బస్తా మొత్తం వంటింట్లోనే పడుతుంటే ఇక డబ్బా ఎందుకు?

అడగవలసిన క్యాష్ ఇంకొకటుంది. అది ఎస్.ఎస్.డి. లోపలే ఉంటుంది. మార్కెట్ యార్డులో షెడ్డు ఖాళీగా ఉన్నంతసేపు బస్తాలు చకచకా దిగుతాయి. నిండిందా, లారీలు రోడ్డు మీద వరస కట్టాల్సిందే. ఇక్కడా అంతే. కొత్తగా రాసే ఫైళ్లు ముందు ఆ వేగవంతమైన భాగంలోకి దిగుతాయి, తర్వాత నెమ్మదిగా అసలు చోటికి సర్దుకుంటాయి. క్యు.ఎల్.సి. రకం చవక డిస్కుల్లో కొన్ని ఆ భాగం నిండగానే హార్డు డిస్కు కంటే కిందికి దిగజారతాయి. డబ్బా మీద రాసే వేగం షెడ్డు ఖాళీగా ఉన్నప్పటి వేగం. అందుకే వీడియో పని చేసేవారు టి.ఎల్.సి. రకమే అడిగి తీసుకోవాలి. డిస్కులో ఐదో వంతయినా ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

పెళ్లి వీడియో లెక్క

నాణ్యమైన 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జి.బి. అవుతుంది. రెండు కెమెరాలు ఐదేసి గంటలు తిరిగితే 450 జి.బి. ఒక్క పెళ్లికే! కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు ఖరీదైన డిస్కు ఉన్నా లాభం లేదు. మామూలు మెమరీ కార్డు సెకనుకు 100 ఎం.బి.కి మించి ఇవ్వదు. తూము సన్నగా ఉంటే కాలువ ఎంత వెడల్పయితే ఏం?

ఎడిటింగు వేళ సంగతి వేరు. ప్రీమియర్ వంటి సాఫ్టువేర్లు పని చేస్తూ చేస్తూ క్యాష్ ఫైళ్లు పోగేస్తాయి. మనం మార్చకపోతే అవి సి డ్రైవులోనే చేరి దాన్ని నింపేస్తాయి. రోజూ ఎడిటింగు చేసేవారికి విండోస్ కోసం 500 జి.బి. ఎస్.ఎస్.డి., నడుస్తున్న పనికి, క్యాష్‌కు కలిపి ఒక టి.బి. ఎస్.ఎస్.డి., పూర్తయినవి దాచడానికి 4 టి.బి. హార్డు డిస్కు సరిపోతాయి. అంత పెట్టలేకపోతే ఒకే ఒక టి.బి. ఎస్.ఎస్.డి., దానికి తోడు హార్డు డిస్కు చాలు. మిగిలిన డబ్బుతో బయట తగిలించే హార్డు డిస్కు ఇంకొకటి కొనడం మేలు. క్యాష్ పోతే సాఫ్టువేరు మళ్లీ తయారు చేసుకుంటుంది. అసలు వీడియో పోతే వధూవరుల చేత తలంబ్రాలు మళ్లీ పోయించలేం. హార్డు డిస్కు పాడయ్యే ముందు ఒక్కోసారి టిక్కుటిక్కుమని చెబుతుంది. ఎస్.ఎస్.డి. చెప్పాపెట్టకుండా పోతుంది. రెండు చోట్ల కాపీ పడేదాకా కార్డు చెరపకండి. కరెంటు కోతలున్న ఊళ్లో యు.పి.ఎస్. లేకుండా నడపకండి.

షాపులో ఉండగానే

ఎం.2 ఆకారంలో సాటా, ఎన్.వి.ఎం.ఇ. రెండు రకాలూ వస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మీ బోర్డు ఏది తీసుకుంటుందో ముందే అడగండి. డిస్కు ఆయుష్షు టి.బి.డబ్ల్యు. అనే అంకెలో ఉంటుంది. 600 అని ఉంటే రోజుకు 100 జి.బి. చొప్పున రాసినా 16 ఏళ్లు పడుతుంది. కాబట్టి అరిగిపోతుందన్న భయం వద్దు. బిల్లు మీద ‘1 టి.బి. ఎస్.ఎస్.డి.’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉండాలి. లేకుంటే వారంటీకి వెళ్లినప్పుడు చిక్కు.

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు ‘16 టి.బి.’ అని కనిపించేవి నకిలీలే. కొంత నిండగానే పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి. ఒక టి.బి. డిస్కు కంప్యూటరులో 931 జి.బి. అని కనిపిస్తే మాత్రం షాపువాడితో తగాదా పడకండి. కంపెనీవారు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోస్ 1,024 చొప్పున కడుతుంది.