అప్‌డేట్ ఎక్కడ ఆగింది?

విండోస్ కంప్యూటర్‌లో అప్‌డేట్ డౌన్‌లోడ్ కాకపోతే తెర మీద కనిపించే సమాచారం చాలా తక్కువ. పని జరగలేదని ఒక వాక్యం, దాని పక్కన సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే పొడవాటి కోడ్, ఒక ‘రీట్రై’ బటన్. చాలామంది ఆ బటన్‌ను నాలుగైదుసార్లు నొక్కి ఊరుకుంటారు. కంప్యూటర్ బాగానే నడుస్తోంది కదా అనుకుంటూ నెలలు గడిపేస్తారు. ఇంకొందరు షాపుకు పట్టుకెళ్తే ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్న సలహా వస్తుంది. అంత దూరం వెళ్లాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. అప్‌డేట్ ఎక్కడ ఆగిందో ఆ కోడే చాలావరకు చెబుతుంది. చదవడం తెలిస్తే, ఒక్క ఫైలూ పోకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ఊరుకుంటే ఏమవుతుందో 2017లో చూశాం. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక పెద్ద లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. మే 12న అదే లోపంలోంచి దూరిన వన్నాక్రై అనే కంప్యూటర్ పురుగు ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆస్పత్రుల పనులు నిలిచిపోయాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్ 7 లాంటి, అప్పటికి మద్దతు ఉన్న కంప్యూటర్లకు ప్యాచ్ అందుబాటులోకి వచ్చి 59 రోజులైంది. అది వేసుకున్నవాళ్ల జోలికి ఆ పురుగు రాలేకపోయింది. అందుకే ఆగిపోయిన అప్‌డేట్‌ను చిన్న విషయంగా వదిలేయకూడదని గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు, మీ విండోస్‌కు అసలు అప్‌డేట్‌లు వస్తున్నాయో లేదో చూసుకోవాలి. స్టార్ట్ మెనూలో విన్‌వర్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే చిన్న పెట్టెలో వెర్షన్ కనిపిస్తుంది. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, 8.1కు 2023 జనవరి 10న ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14 ఆఖరి రోజు. ఆ తర్వాత కూడా భద్రతా అప్‌డేట్‌లు కావాలంటే పొడిగింపు పథకంలో నమోదు కావాలి. మామూలు వినియోగదారులకు ఆ పథకం గడువు 2026 అక్టోబరు 13. అందులో చేరడానికి విండోస్ 10 ఆఖరి వెర్షన్, అంటే 22హెచ్2, ఉండాలి. విండోస్ 11లోనూ ఒక్కో వెర్షన్‌కు ఒక్కో గడువు ఉంటుంది. హోమ్ ఎడిషన్‌కైతే రెండేళ్లే. ‘యూ ఆర్ అప్ టు డేట్’ అని పచ్చ టిక్కు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. అప్‌డేట్ హిస్టరీ తెరిచి చివరిది ఏ నెలలో వచ్చిందో చూడండి. నెలనెలా రెండో మంగళవారం కొత్త ప్యాచ్‌లు వస్తాయి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పదింటికి విడుదల చేస్తారు కాబట్టి మనకు మంగళవారం రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. బుధవారం నుంచి రోజులు గడుస్తున్నా ఆ నెలది రాలేదంటే ఎక్కడో ఆగిందన్నమాట.

ఇక కోడ్ సంగతి. ముందున్న సున్నా, ఎక్స్ పక్కనపెట్టి మిగతాది చూడండి. 8024తో మొదలైతే ఫిర్యాదు విండోస్ అప్‌డేట్ విభాగం నుంచే వస్తోంది. 80072 అని ఉంటే చిక్కు నెట్ దారిలో ఉంది, అంటే సర్వర్‌తో మాట కలవలేదు. 80070070 అంటే డిస్క్ నిండిపోయింది. 80070422 అంటే అప్‌డేట్ సర్వీస్‌ను ఎవరో డిజేబుల్ చేశారు. 80073712 అంటే విండోస్ తన సొంత భాగాలను దాచుకునే చోటే చెడిపోయింది. కోడ్‌లు వందల్లో ఉన్నాయి, అన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు. మొదటి నాలుగైదు అంకెలు, 80070తో మొదలైతే చివరివి కూడా, చూస్తే ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

80072 వరుసలో నెట్ బాగానే ఉన్నా అప్‌డేట్ రాని సందర్భాలుంటాయి. యూట్యూబ్ వస్తోంది, వాట్సాప్ వెబ్ వస్తోంది, అప్‌డేట్ మాత్రం రాదు. కాలేజీ కోసమో ఆఫీసు కోసమో పెట్టి మర్చిపోయిన వీపీఎన్, ప్రాక్సీ ఉంటే ముందు తీసేయండి. ఆ తర్వాత కంప్యూటర్ గడియారం చూడండి. మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో మాట్లాడేముందు కంప్యూటర్ దాని సర్టిఫికెట్ పరిశీలిస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు ఒక మొదలు తేదీ, ఒక ముగింపు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ ఇంకా 2015లోనే ఉన్నాననుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా మొదలే కాలేదు. నమ్మకూడనిదని అక్కడితో తెంచేసుకుంటుంది. అప్పుడు కనిపించే కోడ్ చివర 2ఎఫ్8ఎఫ్ అని ఉంటుంది.

డెస్క్‌టాప్‌లలో ఇది తరచుగా చూస్తాం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. రాత్రిపూట స్విచ్ బోర్డు దగ్గరే కరెంటు ఆపేసే ఇళ్లలో దాని మీద భారం ఎక్కువ. కొన్నేళ్లకు అది అయిపోతే, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఫ్యాక్టరీ నాటి రోజుకు వెళ్లిపోతుంది. విండోస్ నెట్ నుంచి సమయం తెచ్చుకుంటుంది కదా అనుకోవచ్చు. కానీ ఇంట్లో వాడే కంప్యూటర్‌లో తేడా 15 గంటలు దాటితే సాధారణంగా ఆ సర్వీస్ తనంతట తాను దిద్దదు. చేత్తో సరిచేయాలి, ఆపైన బ్యాటరీ మార్చాలి. ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరికే చవకైన వస్తువది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పాతది తీసి, కొత్తదాన్ని ప్లస్ గుర్తు ఉన్న వైపు పైకి వచ్చేలా నొక్కితే చాలు.

గడియారంలో టైమ్ జోన్ కూడా చూడండి. జాబితాలో హైదరాబాద్ కనిపించదు. ప్లస్ 5:30 పక్కన చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉండేదే మనది. కొత్తగా విండోస్ వేయించినప్పుడు అమెరికా పశ్చిమ తీరపు టైమ్ జోన్ ఉండిపోతే, చాలామంది జోన్ మార్చకుండా ముల్లు మాత్రం తిప్పేస్తారు. తెర మీద టైమ్ మన గోడ గడియారంతో సరిపోతుంది. లోపల ప్రపంచ సమయం లెక్క మాత్రం పన్నెండు గంటలకు పైగా తప్పుతుంది. సర్టిఫికెట్ పరిశీలన ఆ లోపలి లెక్కతోనే జరుగుతుంది.

డిస్క్ నిండిన కేసు తేలిక. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి టెంపరరీ ఫైల్స్, రీసైకిల్ బిన్, పాత విండోస్ మిగిల్చిన ఫైళ్లు ఖాళీ చేస్తే తరచు సరిపోతుంది. ఒక్కటి మాత్రం చేయకండి. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని చాలా పెద్ద ఫోల్డర్ కనిపిస్తుంది. చోటు కలిసొస్తుందని దాన్ని చేత్తో డిలీట్ చేస్తే విండోస్‌ను విరగ్గొట్టినట్టే. అప్‌డేట్‌లకు కావాల్సిన ముడిసరుకు అక్కడే ఉంటుంది.

కోడ్ ఏదీ లేకుండా, డౌన్‌లోడ్ మొదలే కాకుండా ఉంటే చాలాసార్లు అనుమతి లేదని అర్థం. మన ఇళ్లలో చాలామంది ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ వాడతారు. రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున వచ్చే డేటా అయిపోతుందని ఎప్పుడో ఒకసారి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేసి ఉంటారు. అప్పటి నుంచి విండోస్ మీ డేటా కాపాడే ప్రయత్నంలో పెద్ద డౌన్‌లోడ్‌లను తనంతట తాను మొదలుపెట్టదు. వైఫై పేరు మీద నొక్కి ప్రాపర్టీస్‌లో దాన్ని ఆపేయవచ్చు, లేదా బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు అప్‌డేట్ పూర్తి చేసుకోవచ్చు. డేటా కోసమే కొందరు అప్‌డేట్ బ్లాకర్ అనే చిన్న ప్రోగ్రాములు కూడా వేసుకుంటారు. అవి సర్వీస్‌నే ఆపేస్తాయి. వాటిని తీసేశాక సర్వీసెస్ విండో తెరిచి, విండోస్ అప్‌డేట్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ను డిజేబుల్డ్ నుంచి మాన్యువల్‌కు మార్చాలి.

ఒకప్పుడు ఏదో కంపెనీది అయిన ల్యాప్‌టాప్ మీ చేతికొస్తే ఇంకో రకం చిక్కు ఉండొచ్చు. అప్‌డేట్ పేజీ పైన ‘కొన్ని సెట్టింగ్‌లు మీ సంస్థ నిర్వహణలో ఉన్నాయి’ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. పెద్ద సంస్థలు అప్‌డేట్‌లను తమ సొంత సర్వర్ ద్వారా పంచుతాయి. ఆ సర్వర్ చిరునామా, విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో ఉండిపోతే, మీ ల్యాప్‌టాప్ ఇప్పటికీ ఆ ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది. రిజిస్ట్రీలో లోకల్ మెషిన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ వరుసగా తెరిస్తే విండోస్‌అప్‌డేట్ అనే కీ కనిపిస్తుంది. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాకే డిలీట్ చేయాలి. కంప్యూటర్ ఇంకా ఆఫీసుదే అయితే దీని జోలికి వెళ్లకండి, అక్కడి ఐటీ వాళ్లకు చెప్పండి.

ఇవన్నీ సరిగానే ఉండి, డౌన్‌లోడ్ సగంలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ అక్కడే ఆగుతుంటే, వచ్చిన సరుకు చెడిందన్నమాట. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో డౌన్‌లోడ్ అనేదాంట్లో వచ్చిన ఫైళ్లు, డేటాస్టోర్ అనేదాంట్లో ఏవి వచ్చాయో రాసుకున్న చిట్టా ఉంటాయి. గ్యాస్ సిలిండర్ ఇంటికొస్తే సీల్ చూసి తీసుకుంటాం కదా, విండోస్ కూడా వచ్చిన ప్రతి ఫైలు మీద మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకాన్ని అలాగే చూస్తుంది. మధ్యలో కరెంటు పోయి ఒక ఫైలు సగమే రాసి ఉంటే ఆ సంతకం సరిపోదు, విండోస్ దాన్ని తీసుకోదు. చిట్టా కూడా చెడితే పాత సగం ఫైలునే మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఉండిపోతుంది.

పరిష్కారం ఆ ఫోల్డర్ పేరు మార్చడం. సర్వీసెస్ విండోలో విండోస్ అప్‌డేట్‌ను, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌ను స్టాప్ చేయండి. వెంటనే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ పేరు చివర ‘ఓల్డ్’ అని చేర్చండి. ఫోల్డర్ వాడుకలో ఉందని మొరాయిస్తే, ఆపిన సర్వీస్ మళ్లీ లేచిందన్నమాట. మరోసారి ఆపి ప్రయత్నించండి. పేరు మారాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి అప్‌డేట్‌ల కోసం వెతికితే విండోస్ కొత్త ఫోల్డర్, కొత్త చిట్టా తయారుచేసుకుంటుంది. అప్‌డేట్ హిస్టరీ ఖాళీగా కనిపిస్తే కంగారుపడకండి. పోయింది చిట్టా మాత్రమే, ఇదివరకు వేసిన ప్యాచ్‌లు అలాగే ఉంటాయి. వారం రోజులు అంతా బాగుంటే పాత ఫోల్డర్ తీసేయొచ్చు. నా దృష్టిలో ఎక్కువ కంప్యూటర్లను ఫార్మాట్ నుంచి కాపాడే ఉపాయం ఇదే.

80073712 లాంటివి కనిపిస్తే చెడింది డౌన్‌లోడ్ కాదు, విండోస్ లోపలి నిల్వ. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిఐఎస్ఎమ్ అనే పనిముట్టును రీస్టోర్‌హెల్త్ ఆదేశంతో నడపాలి, అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ. ఈ వరుస తప్పకూడదు. రెండోది పాడైన సిస్టమ్ ఫైళ్లను లోపలి నిల్వలోంచి తెచ్చి మారుస్తుంది, ఆ నిల్వను బాగుచేసేది మొదటిది. డిఐఎస్ఎమ్ ఒకే శాతం దగ్గర చాలాసేపు నిలిచినట్టు కనిపిస్తుంది, విండో మూసేయకండి. ఇందులో ఒక ముడి ఉంది. బాగుచేయడానికి కావాల్సిన ఫైళ్లను అది మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచే తెచ్చుకుంటుంది. ఆ దారే మూసుకుపోయి ఉంటే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీ వెర్షన్ విండోస్ ఇన్‌స్టాలేషన్ (ఐఎస్ఓ) ఫైలు తెచ్చి, సోర్స్‌గా దాన్ని చూపించాలి.

ఇలాంటి ముడే పాత విండోస్ 7లో ఇంకా గట్టిగా పడింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన సంతకాల పద్ధతిని షా-1 నుంచి షా-2కు మార్చింది. పాత డీవీడీతో కొత్తగా వేసిన విండోస్ 7కు ఆ కొత్త సంతకం చదవడం రాదు. చదవడం నేర్పే అప్‌డేట్‌లను అప్‌డేట్ దారిలో తెచ్చుకుందామంటే, 2020 ఆగస్టులో పాత పద్ధతి సర్వర్లనూ ఆపేశారు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ అనే సైటు నుంచి వేరే కంప్యూటర్‌లో కేబీ 4490628, కేబీ 4474419 నంబర్ల అప్‌డేట్‌లు డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఆ వరుసలోనే వేయాలి. విండోస్ 7తో బ్యాంకు పనులు చేసుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ ల్యాబ్‌లోనో ప్రెస్‌లోనో పాత యంత్రానికి కట్టిపడేసిన కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి, వాటికి ఇది తెలిసి ఉండాలి. విండోస్ 10, 11లో కూడా ఏదో ఒక్క ప్యాచ్ మాత్రమే మొండికేస్తే, దాని కేబీ నంబరుతో క్యాటలాగ్‌లో వెతికి చేత్తో వేసుకోవచ్చు.

తప్పు మీ వైపు లేని సందర్భాలూ ఉంటాయి. 2024 జనవరిలో వచ్చిన కేబీ 5034441 విండోస్ 10 కంప్యూటర్లు చాలావాటిలో 80070643 అని విఫలమైంది. ఆ కోడ్ చూస్తే ఏమీ అర్థం కాదు. అసలు కారణం రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకపోవడం, దానికి అక్కడ 250 ఎంబీ ఖాళీ కావాలి. అందుకే గంటలు గంటలు తంటాలు పడేముందు, ఆ కేబీ నంబరు మీద మైక్రోసాఫ్ట్ ‘తెలిసిన సమస్యలు’ అంటూ ఏమైనా ప్రకటించిందేమో చూసుకోండి.

ఇన్ని చేసినా కదలకపోతే, అప్పుడూ ఫార్మాట్ కాదు. డాక్యుమెంట్లు, ఫొటోలు ముందు బయటి డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఐఎస్ఓ ఫైలును విండోస్ నడుస్తుండగానే తెరిచి సెటప్ మీద క్లిక్ చేయండి. వ్యక్తిగత ఫైళ్లు, యాప్‌లు అలాగే ఉంచమనే ఆప్షన్ ఎంచుకుంటే విండోస్ తన మీద తాను కొత్తగా పరుచుకుంటుంది. మీరు వేసుకున్న ప్రోగ్రాములు, ఫాంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఐఎస్ఓ భాష, ఎడిషన్ మీ కంప్యూటర్‌లో ఉన్నవే అయి ఉండాలి, లేకపోతే ఆ ఆప్షన్ అందుబాటులో ఉండదు. షాపువాళ్లు ఫార్మాట్ అంటే, ముందు ఈ రిపేర్ ఇన్‌స్టాల్ చేసి చూడమని అడగండి.