ఇంజను ఎందుకు మొరాయిస్తుంది?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం)

ఎడ్లు తగ్గిపోయిన ఊళ్ళలో ఈనాడు పత్తి చాళ్ళ మధ్య గుంటకకు బదులు పవర్ వీడరు నడుస్తోంది. కాలువ నీళ్ళు చేలోకి తోడటానికి చేత్తో మోసుకుపోగలిగే పెట్రోలు పంపు వచ్చింది. వీటికి ప్రాణం ఒక చిన్న నాలుగు స్ట్రోకుల ఇంజను. వాన వెలిశాక నేల పదును మీద ఉండేది నాలుగైదు రోజులే. సరిగ్గా అప్పుడే ఇంజను మొరాయిస్తే పదును పోతుంది, కలుపు ఎదుగుతుంది, కూలి ఖర్చు మీద పడుతుంది. మెకానిక్కేమో టౌనులో ఉంటాడు. "కార్బ్యురేటరు పోయింది, కొత్తది వెయ్యాలి" అంటే తెలియని రైతు సరేననక తప్పదు. నిజానికి లోపం ట్యాంకు మూతలోని సన్నని చిల్లులో ఉండవచ్చు! మన తరగతి గదిలో చదివే శాస్త్రంతోనే ఈ లోపాన్ని వరుసగా ఎలా కనిపెట్టవచ్చో చూద్దాం.

ముందుగా ఒక జాగ్రత్త. ఇంజను చల్లారిన తర్వాతే పెట్రోలు భాగాలు విప్పాలి. దగ్గరలో బీడీ, అగ్గిపెట్టె, పొయ్యి ఉండకూడదు. ఒలికిన పెట్రోలు ఆరేదాకా తాడు లాగరాదు.

మూడింటిలో ఏది లేదు?

ఇంజను నడవాలంటే పెట్రోలు కలిసిన గాలి, దాన్ని నొక్కే పీడనం, సమయానికి నిప్పురవ్వ కావాలి. ఏది లోపించిందో స్పార్క్ ప్లగ్గే చెబుతుంది. నాలుగైదుసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే ఇంధనం లోపలికి వస్తోందన్నమాట. అప్పుడు నిప్పురవ్వనో, ఇంధనం ఎక్కువై ముంచెత్తిందనో అనుమానించాలి. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

దీన్ని రూఢి చేసుకోవటానికి ఒక చిన్న ప్రయోగం. ప్లగ్గు రంధ్రంలో ఐదారు చుక్కలు పెట్రోలు వేసి, ప్లగ్గు బిగించి, తాడు లాగాలి. ఇంజను రెండు మూడు క్షణాలు పలికి ఆగిపోతే నిప్పు, పీడనం బాగున్నట్టే. లోపం ఇంధన మార్గానిదే.

ట్యాంకు నుంచి కిందికి

ఇక పెట్రోలు నడిచే దారినే మనమూ నడవాలి. మొదటిది ట్యాంకు మూత. నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిస్తే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పొడిస్తే ధారగా వస్తుంది. మూతకున్న సన్నని రంధ్రం ఆ రెండో చిల్లు. అది దుమ్ముతో పూడితే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో పీడనం పడిపోయి ధార ఆగిపోతుంది. ఇంజను కాసేపు నడిచి ఆగి, మూత వదులు చేయగానే మళ్ళీ పలికితే రోగం అదే. ఖర్చు ఒక సన్న తీగముక్క!

రెండోది కాకు, ఫిల్టరు, గొట్టం. కార్బ్యురేటరు దగ్గర గొట్టం ఊడదీసి, కింద సీసా పెట్టి, కాకు తిప్పండి. ధార నిలకడగా రావాలి. చుక్కలుగా వస్తే ఫిల్టరు గాని, గొట్టం గాని పూడింది. ట్యాంకు ఇంజను కంటే ఎత్తున ఉన్నచోట ఈ పరీక్ష చాలు. అమెరికా గోల్ఫ్ మైదానాల్లో తిరిగే పెట్రోలు బండ్లలో ట్యాంకు ఎత్తున ఉండదు గనుక, క్రాంక్ గదిలోని పీడనపు హెచ్చుతగ్గులతో ఆడే పొర పంపు పెట్రోలును లాగుతుంది. అక్కడ ఆ పొర చిరిగిందేమో కూడా చూడాలి.

కార్బ్యురేటరు కథ

కార్బ్యురేటరు కింది గిన్నెలో ఒక తేలుడు బుడ్డి ఉంటుంది. పెట్రోలు నిండితే అది పైకి లేచి సూదితో దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. ఇది ఆర్కిమెడీస్ సూత్రం. పైన ఇరుకు గొంతులో గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది. గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి చిమ్ముతుంది. ఇది బెర్నూలీ సూత్రం.

గిన్నె అడుగు బోల్టు వదులు చేస్తే పెట్రోలు కారాలి. కారకపోతే సూది ఇరుక్కుంది; స్క్రూడ్రైవరు పిడితో గిన్నెను మెల్లగా తడితే ఒక్కోసారి వదులుతుంది. గిన్నెలో పెట్రోలు ఉండి కూడా ప్లగ్గు పొడిగా ఉంటే జెట్టు పూడిందని అర్థం. జెట్టు పాక్షికంగా పూడితే లక్షణాలు వేరు: చోక్ వేస్తేనే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. మెల్లగా తిరుగుతూ, బరువు పడగానే ఆగితే పెద్ద జెట్టు. వేగంలో బాగుండి, మెల్లగా నిలవకపోతే చిన్న జెట్టు. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. గాలి ఫిల్టరు, చోక్ చూడాలి.

జెట్టును పిన్నీసుతో పొడవరాదు. అది మెత్తని ఇత్తడి. 0.70 మిల్లీమీటర్ల రంధ్రం 0.77 అయిందనుకోండి. వ్యాసం పెరిగింది 10 శాతమే, వైశాల్యం 21 శాతం! ఇంజను పెట్రోలు తాగటం మొదలెడుతుంది. క్లీనరులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టటమే మేలు.

పెట్రోలే మారింది

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ సగటున 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పెట్రోలు నీటితో కలవదు, ఇథనాల్ కలుస్తుంది. తేమ హద్దు మీరితే నీళ్ళూ ఇథనాలూ కలిసి వేరు పొరగా అడుగుకు దిగుతాయి. ఇంజను లాక్కునేది అడుగునుంచే కదా! అనుమానముంటే కొంచెం గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున గీత కనిపిస్తే ఆ పెట్రోలు పనికిరాదు. పాత ఇంజన్లలోని కొన్ని రబ్బరు భాగాలు ఇథనాల్‌కు ఉబ్బుతాయి కూడా. నిలవున్న పెట్రోలులో తేలిక భాగాలు ఆవిరై, మిగిలింది జిగురై జెట్టును మూస్తుంది.

కాబట్టి సీజను అయ్యాక కాకు కట్టేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపాలి. గిన్నె, ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. ఈ పదినిమిషాల పని వచ్చే ఏడాది పదునును కాపాడుతుంది.

ఏ భాగమైనా మార్చబోయే ముందు "ఇక్కడిదాకా పెట్రోలు వచ్చిందా?" అని ఒక్కొక్క మెట్టు దగ్గర ప్రశ్న వేసుకోవటమే ఇందులోని కిటుకు. ప్రయోగశాలలో మనం రోజూ చేసే పని ఇదే. సెలవులకు ఇళ్ళకు వెళ్ళే మిత్రులు ఈసారి చేనిగట్టు మీద కూడా దీన్ని చేసి చూపిస్తే, మన చదువు కొంతైనా ఊరికి చేరినట్టవుతుంది.