సెలవు ముందు, టికెట్ తర్వాత

"ఈ పని ఒక కొలిక్కి రానీ, అప్పుడు వెళ్దాం." ఉద్యోగస్తుల ఇళ్లలో ఏళ్ల తరబడి వినిపించే మాట ఇది. పని కొలిక్కి వస్తుంది, వెంటనే ఇంకొకటి నెత్తిన పడుతుంది. డిసెంబరు నాటికి వాడుకోని సెలవులు కొన్నిచోట్ల రద్దవుతాయి, కొన్నిచోట్ల డబ్బుగా మారతాయి. పిల్లలు ఒక తరగతి పైకి వెళ్తారు, అమ్మానాన్నల మోకాళ్లు మరికాస్త మొరాయిస్తాయి. అరకు చూద్దామనుకున్న కుటుంబం ఆ ఏడూ హైదరాబాద్ దాటదు.

డబ్బు చాలక ఆగిపోయే ఇళ్లు ఉన్నాయి. కానీ నెల జీతం వచ్చే చాలా ఇళ్లలో డబ్బు కన్నా ముందు కరువయ్యేవి రోజులు. నెలాఖరుకు మిగిలింది దాచుకుందాం అనుకునేవాళ్ల చేతిలో ఏమీ మిగలదు, జీతం రాగానే పక్కకు తీసేవాళ్లకే మిగులుతుంది. సెలవు రోజులదీ అదే పద్ధతి. ఏడాది మొదట్లోనే వాటిని ఎలా పక్కకు తీసుకోవాలో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

మనకున్న సెలవులు ఎన్ని?

ముందు మన హక్కు ఎంతో తెలియాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, ఆఫీసులు, ప్రైవేటు సంస్థలకు వర్తిస్తూ వచ్చినది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి తర్వాతి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అది చెబుతుంది. ఫ్యాక్టరీల్లో 1948 నుంచీ ఉన్న లెక్క ప్రకారం, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు సెలవు జమవుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో ఈ సెలవుకు అర్హతను 240 రోజుల నుంచి 180 రోజులకు తగ్గించారు. కార్మికుడు అడిగిన సెలవును యాజమాన్యం నిరాకరిస్తే, ఆ రోజులు ఏ పరిమితీ లేకుండా తర్వాతి ఏడాదికి వెళ్తాయి. అంటే సెలవును కాగితం మీద అడగడం, జవాబును కాగితం మీదే తీసుకోవడం మనకు అక్కరకొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు ఉంటుంది.

ఆ పేరులోనే అవి పనిచేసి సంపాదించుకున్న రోజులన్న సంగతి ఉంది. అయినా సెలవు చీటీ పెట్టేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టు నసుగుతాం. పెళ్లి అనో, జ్వరం అనో కారణం వెతుక్కుంటాం. "ఊరు చూడటానికి వెళ్తున్నాను" అని నిజం చెప్పడానికి సంకోచం ఎందుకు? తెలుగులో పేరెన్నికగన్న యాత్రాగ్రంథం ఒక ఉద్యోగి సెలవులోంచే పుట్టింది. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య, దొరల దగ్గర సెలవు తీసుకుని 1830 మే నెలలో కాశీకి బయలుదేరారు, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. రైలు లేని ఆ రోజుల్లో ఆయనకు పదిహేను నెలలు పట్టింది. మనకు తొమ్మిది రోజులు చాలు.

తొమ్మిదే ఎందుకు?

విశ్రాంతి మీద పరిశోధనలు చాలా జరిగాయి. నెదర్లాండ్స్ ఉద్యోగుల సుదీర్ఘ సెలవులపై జెస్సికా డి బ్లూమ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవు మొదలైన ఎనిమిదో రోజుకు వాళ్ల ఆరోగ్యం, ఉత్సాహం శిఖరానికి చేరినట్టు తేలింది. అదే అధ్యయనం ఇంకో సంగతీ చెప్పింది: తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ లాభం కరిగిపోతుంది. అందువల్ల పదేళ్లకు ఒక మహాయాత్ర సరిపోదు, ఏడాదిలో ఒక పెద్ద ప్రయాణానికి తోడు చిన్న ప్రయాణాలూ ఉండాలి.

అసలు విశ్రాంతి లేకపోతే ఏమవుతుంది? వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలకు తగ్గకుండా పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. ఏడాదికోసారి ఎక్కడికో వెళ్లొస్తే ఈ ముప్పు తీరదు. రోజువారీ పనివేళలు అదుపులో ఉండాలి, వారపు సెలవు నిజంగా సెలవు కావాలి. అలా బతికే మనిషికి ప్రయాణమప్పుడు ఒంట్లో ఓపిక కూడా ఉంటుంది. లేకపోతే హోటల్ గదిలో నిద్రపోవడానికే సెలవు చాలదు.

పదిహేను రోజుల పంపకం

చేతిలో పదిహేను సెలవులే ఉన్నాయనుకుందాం. శని, ఆదివారాలు సెలవున్నవాళ్లు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు సెలవులు పెడితే, రెండు వైపుల వారాంతాలు కలిసి తొమ్మిది రోజులు వస్తాయి. శనివారం కూడా పనిచేసేవాళ్లు ఆరు పెడితే రెండు ఆదివారాలతో కలిపి ఎనిమిది రోజులు. పెద్ద ప్రయాణానికి ఇది చాలు.

మిగిలిన తొమ్మిది పదింటిలో నాలుగో ఐదో పండగలకు, చుట్టాల శుభకార్యాలకు ఉంచాలి. సంక్రాంతికి సొంతూరు వెళ్లడం మనసుకు ఎంత అవసరమో అందరికీ తెలుసు. అయితే దాన్నీ, ఊళ్లు చూసే ప్రయాణాన్నీ ఒకే ఖాతాలో వేస్తే రెండోది ఎప్పటికీ జరగదు. ఇక మిగిలినవి వారాంతాలకు ఒక్కొక్కటిగా అతికించుకోవడానికి.

ఒక్క సెలవుతో ఎంత దూరం పోవచ్చో చూడండి. హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి రైలెక్కితే శనివారం విశాఖ. ఆ రోజు సముద్రం దగ్గర గడిపి, ఆదివారం పొద్దున కిరండూల్ రైల్లో సొరంగాలు దాటుకుంటూ అరకు చేరి రాత్రి అక్కడే ఉండొచ్చు. సోమవారం బొర్రా గుహలు చూసుకుని విశాఖ దిగి రాత్రి రైలెక్కితే మంగళవారం ఆఫీసు. ఖర్చయిన సెలవు సోమవారం ఒక్కటే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాలంపేట రామప్ప గుడికి హైదరాబాద్, వరంగల్ వాళ్లకు ఆ ఒక్కటీ అక్కర్లేదు. బెంగళూరులో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు లేపాక్షి ఒక ఆదివారం పని.

తేదీలు ఎప్పుడు ఖాయం చేయాలి?

2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఇది మనకు మేలే. ప్రయాణానికి మూడు నెలల ముందు ఆఫీసులో తేదీలు చెప్పి సెలవు మంజూరు చేయించుకుంటే, రిజర్వేషన్ తెరిచిన రోజే నిశ్చింతగా టికెట్లు తీసుకోవచ్చు. టికెట్లు కొని ఆ తర్వాత సెలవు కోసం బతిమాలడం దగ్గరే చాలా ప్రయాణాలు పాడవుతాయి.

బడికి వెళ్లే పిల్లలుంటే దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు తప్ప గతి లేదు, రద్దీ భరించాల్సిందే. పిల్లలు లేనివాళ్లు, పెద్దవాళ్లయిన పిల్లలున్నవాళ్లు ఆ రోజులను తోటి ఉద్యోగులకు వదిలేసి బడులు తెరిచాక వెళ్తే టికెట్లూ గదులూ సులువుగా దొరుకుతాయి. ఈ సర్దుబాటు ఆఫీసులో బాహాటంగా మాట్లాడుకుంటే ఎవరి సెలవూ ఎవరికీ అడ్డం రాదు.

జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. 2026 నుంచి 2029 వరకు ఒక బ్లాకు. దేశంలో తిరిగిన రైలు, బస్సు, విమాన ఛార్జీలకే అది వర్తిస్తుంది, హోటల్‌కూ భోజనానికీ కాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపు లేదు.

ఫోన్ మోగకుండా వెళ్లాలంటే

చాలామంది ప్రయాణంలో ఉన్నా పనిలోనే ఉంటారు. గుడి మెట్ల మీద మెయిల్, భోజనం దగ్గర కాల్. దీనికి మందు బయలుదేరే ముందే వేసుకోవాలి. వారం ముందే కొత్త పనులు ఒప్పుకోవడం ఆపి, నడుస్తున్నవాటిని ఒక కాగితం మీద రాయండి. ఏ పని ఎక్కడ ఆగింది, ఎవరిని అడగాలి, ఏది మీరు వచ్చేదాకా ఆగుతుంది అన్నవి ఆ కాగితంలో ఉండాలి. దాన్ని ఒక సహోద్యోగికి అప్పగించి, వాళ్ల సెలవులో వాళ్ల పని మీరు చూస్తానని మాటివ్వండి. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయాల్సింది ఒక్కరే అని ముందే ఖాయం చేసుకోండి. తిరిగొచ్చే రోజుకూ ఆఫీసుకు వెళ్లే రోజుకూ నడుమ వీలైతే ఒక పూట ఖాళీ ఉంచుకోండి.

ఇంట్లోనూ ఇదే అప్పగింత జరగాలి. మూటలు సర్దడం, పులిహోర కలపడం, పిల్లల మందులు, తిరిగొచ్చాక బట్టల కుప్ప అన్నీ ఇల్లాలి మీదే పడితే, ఆమెకు అది ప్రయాణం కాదు, ఊరు మారిన ఇంటిపని. ఆ పనులను ఇంట్లో అందరూ పంచుకున్నప్పుడే అది కుటుంబమంతటికీ సెలవు.

రోజుకూలీలకు, డెలివరీ చేసే యువకులకు, చిన్న దుకాణదారులకు ఆగిన ప్రతి రోజూ ఆదాయం పోయిన రోజే. వాళ్లకు జీతంతో సెలవు ఎలా అందాలన్నది మన సమాజం ముందున్న పెద్ద ప్రశ్న. జీతం తెగకుండా సెలవు దొరికేవాళ్లు దాన్ని వాడుకోకుండా పోగొట్టుకోవడం వల్ల మాత్రం ఎవరికీ మేలు లేదు.

పై అధికారుల చేతిలోనూ చాలా ఉంది. అధికారి తన సెలవు తాను తీసుకుని, ఆ రోజుల్లో మెయిల్ తెరవకుండా ఉంటే కింది ఉద్యోగులకు ధైర్యం వస్తుంది. తాను కదలని అధికారి కింద సెలవు చీటీ పెట్టడానికి ఎవరికీ చేయి ఆడదు.

ఈ వారమే మీ ఖాతాలో ఎన్ని సెలవులున్నాయో చూసి, ఇంట్లో అందరూ కూర్చుని ఒక పెద్ద ప్రయాణానికి, రెండు చిన్న ప్రయాణాలకు తేదీలు రాసుకోండి. ఎక్కడికన్నది తర్వాత తేల్చుకోవచ్చు. తేదీలు మాత్రం ముందు ఆఫీసుకు చెప్పేయండి.