మందుతోపాటు ఒక చీటీ

ఔషధము రోగి చేతికి చేరినంత మాత్రమున వైద్యము పూర్తి కాదు. ఎదుట కూర్చున్నవారికి మోతాదు, అనుపానము, పథ్యము నోటితో చెప్పుదుము. తపాలాలోనో, కొరియరులోనో మందు తెప్పించుకొన్నవారికి ఆ మాట చెప్పువారెవరు? చిన్న ఔషధశాలలవారు పెట్టెలో ఉంచు చేతివ్రాత చీటీయే ఆ పని చేయవలెను.

ఈ సంగతి నాకు ఒక పొరపాటు నేర్పినది. కొన్ని సంవత్సరముల క్రిందట దూరపు ఊరి కుటుంబమొకటి బాలునికి దగ్గు తగ్గిన పిదప బలము కొరకు చ్యవనప్రాశ లేహ్యము కోరినది. సీసాను జాగ్రత్తగా కట్టి పంపితిమి. చీటీ మాత్రము పెట్టలేదు. ఇంటిలో మధుమేహము గల తాతగారు కూడ దానిని పూటకు రెండేసి చెంచాలు సేవించినారు. అందులో ఉసిరికతోపాటు పంచదారయు, తేనెయు విశేషముగా ఉండునని ఆయనకు తెలియదు. రక్తములో చక్కెర పెరిగినదని వారి కుమారుడు ఉత్తరము వ్రాయువరకు మాకును తెలియలేదు. లేహ్యము మాన్పించి, తమ డాక్టరును వెంటనే కలియుమని తెలిపితిమి. తప్పు మాదే. ఆనాటి నుండి చీటీ లేని పెట్టె మా గడప దాటలేదు.

చీటీలో ఉండవలసినవి:

1. రోగి పేరు, ఈ మందు వారికి మాత్రమే అను మాట.

2. మోతాదు, వేళ. కొలతకు చిన్న చెంచా జతపరచినచో మరియు మేలు.

3. అనుపానము. తేనె అయినచో దానిని వేడి చేయరాదనియు, నేతితో సమానమైన తూకమున కలుపరాదనియు శాస్త్రము చెప్పుచున్నది, అది వ్రాయవలెను.

4. తయారైన తేదీ. శార్ఙ్గధర సంహిత చూర్ణమునకు 2 మాసములు, లేహ్యమునకు 1 సంవత్సరము గడువు చెప్పినది. నేటి నిబంధనలు చూర్ణమునకు ఎక్కువ కాలమిచ్చినను, మూత తీసినదానిని త్వరగా వాడుటయే మంచిది.

5. మధుమేహులు, గర్భిణులు, ఇతర మందులు వాడువారు ముందుగా అడుగవలెనను హెచ్చరిక.

కొందరు అభిమానముతో మరొక చూర్ణపు పొట్లమును ఉచితముగా చేర్చుదురు. ఇది తగదు. రోగిని విచారింపక ఇచ్చిన మందు కానుక కాజాలదు. అంతకంటె, పది దినముల తరువాత ఎట్లున్నదో తెలుపుడని చీటీ చివర ఒక వాక్యము వ్రాసిన చాలును.

గృహిణులు ఆ చీటీని సీసాకు అంటించి ఉంచవలెను. తడి చెంచా ముంచరాదు. చూర్ణము గడ్డకట్టినను, బూజు వాసన వచ్చినను వాడరాదు. చీటీ రానిచో, మొదటి మోతాదు వేసికొనక మునుపే పంపినవారిని మొగమాటము లేక అడిగి తెలిసికొనుడు. చెప్పుట వారి ధర్మము.