పచ్చచుక్క వెలుగుతూనే ఉంది, కనెక్షన్ మాత్రం ఎప్పుడో పోయింది

మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. వయసు 71, షుగర్ కూడా ఉంది. రాత్రిపూట వీధి తలుపు తెరుచుకుంటే హైదరాబాద్‌లో నా ఫోన్ మోగేలా ఒక డోర్ సెన్సర్ పెట్టాను. సెన్సర్ నుంచి నేను అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌కి, అక్కడి నుంచి నా ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఎంక్యూటీటీ యాప్‌కి మెసేజ్ రావాలి. పోయిన నెల ఒక రాత్రి అమ్మకి కళ్లు తిరిగి, గాలి కోసం బయటికొచ్చి అరుగు మీద కూలబడిపోయింది. తెల్లారగట్ల పాలబ్బాయి చూశాడు. నా ఫోన్ మోగనే లేదు. యాప్ తెరిస్తే 'కనెక్టెడ్' అని పచ్చచుక్క!

ముందు సెన్సర్ మీదే అనుమానపడ్డా. కానీ సర్వర్ లాగ్‌లో 2:07కి మెసేజ్ వచ్చినట్టు, నా ఫోన్‌కి పంపినట్టు కూడా ఉంది.

ఆఫీసు వైఫైలో వారం రోజులు టెస్ట్ చేసినా ఒక్కసారి కూడా తెగలేదు. రూమ్‌లో నాకు మొబైల్ డేటానే దిక్కు. అందుకే ఫోన్‌ని డేటా మీద పెట్టి, సర్వర్‌లో టీసీపీడంప్ నడిపాను. ఇలాంటప్పుడు చూడాల్సింది ఒక్కటే: కనెక్షన్ ఎవరు తెంచారు? ఫిన్ ప్యాకెట్ ఉంటే ఎవరో ఒకరు మర్యాదగా ముగించారని. రీసెట్ వస్తే ఫోన్ పెట్టేసినట్టు, టక్కున. నాకు రెండూ కనబడలేదు. సర్వర్ అదే మెసేజ్‌ని మళ్లీ మళ్లీ పంపుతోంది, ప్రతిసారీ విరామం పెంచుకుంటూ. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

అంటే రెండు చివరలూ లైన్ ఉందనే అనుకుంటున్నాయి, మధ్యలోవాడు మర్చిపోయాడు. ఆ మధ్యలోవాడే మొబైల్ ఆపరేటర్ దగ్గరుండే నాట్. ఒకే ఐపీ అడ్రస్‌ని ఎంతోమందికి పంచడానికి అది ప్రతి కనెక్షన్‌నీ ఒక పట్టికలో రాసుకుంటుంది. కాసేపు డేటా కదలకపోతే ఆ వరుస కొట్టేస్తుంది, ఎవరికీ చెప్పదు. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5382 ప్రకారం కనీసం 2 గంటల 4 నిమిషాలు గుర్తుంచుకోవాలి. ఆ మాట వినేదెవరు? నిమిషాలు పెంచుకుంటూ టెస్ట్ మెసేజ్‌లు పంపి చూశా. 4 నిమిషాల మౌనం తర్వాత వచ్చింది, 6 నిమిషాల తర్వాత రాలేదు.

తప్పు నాది కూడా. బ్యాటరీ మిగులుతుందని యాప్‌లో కీప్ అలైవ్ 1200 సెకన్లు పెట్టా. ఫోన్ 20 నిమిషాలకోసారి 'ఉన్నా' అంటే, నాట్ మర్చిపోయాక మిగిలిన సమయమంతా నేను చెవిటివాణ్నే. దాన్ని 180కి తగ్గించా. ఆ పింగ్ సైజు రెండు బైట్లే, అయినా ప్రతిసారీ రేడియో మేల్కోవాలి కాబట్టి బ్యాటరీ కొంచెం ఎక్కువే తింటోంది. తిననీ.

అయినా ఫోన్ కదలకుండా చాలాసేపు పడుంటే మళ్లీ అదే కథ. ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్, పింగ్‌నే పడుకోబెడుతోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేశాక కుదుటపడింది. క్యూఓఎస్ 1 పెట్టి, క్లీన్ సెషన్ ఆపేశా. ఇప్పుడు లైన్ తెగినా మెసేజ్ పోదు, తిరిగి కనెక్ట్ అవ్వగానే వస్తుంది. వైఫై నుంచి డేటాకి మారినప్పుడు ఐపీ మారుతుంది కాబట్టి టీసీపీ ఎలాగూ చస్తుంది, దానికి యాప్ వెంటనే మళ్లీ కలుపుకోవడమే మార్గం.

మీ దగ్గర కెమెరా, అలారం యాప్ ఏదున్నా పచ్చచుక్కని నమ్మొద్దు. డేటా మీద పెట్టి, అరగంట ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు తలుపు తీసి చూడండి.

మొన్న రాత్రి 1:50కి ఫోన్ మోగింది. గుండె ఝల్లుమని అమ్మకి చేస్తే, "పిల్లిని బయటికి తోలుతున్నారా, నువ్వింకా పడుకోలేదా?" అంది.