మేలుకొలుపు దీపమును బాగుచేయుట

చెవులు మందగించిన వానికి గడియారపు గంటవలన ప్రయోజనము లేదు. నా స్థితి యట్టిది. నా సహధర్మచారిణికి వేకువను 4 గంటలకు మాత్ర నీయవలసి యున్నందున, మంచముచెంత మేలుకొలుపు దీపమొకటి యుంచుకొంటిని. అది నిర్ణీతకాలమునకు అరగంట ముందు మినుకుమని మొదలై, క్రమముగా హెచ్చి, తెల్లవారు వెలుగువలె రెప్పలకు సోకి లేపును. గతమాసమున నొకనాడు నేను లేచునప్పటికి ఎండ వాకిట నున్నది. గంట మ్రోగినదట, మంచము దిగలేని యామె పిలిచినదట, నాకు వినబడలేదు. దీపము మాత్రము మిణుగురువలె వెలుగుచు నారుచుండెను.

పట్టణమున నొక దుకాణదారుడు దానిని చూచి, "గడియారము నడుచుచున్నది గదా, కరెంటుకు లోపము లేదు. లైట్లే పోయినవి. క్రొత్తది కొనుడు" అనెను. పైకి సరియైన యనుమానమువలెనే యున్నది. కాని ఉత్తబండి నీడ్చిన యెద్దు ధాన్యపు బండినిగూడ నీడ్చునను నియమము లేదు. అంకెలు వెలుగుటకు స్వల్పశక్తి చాలును; దీపమునకు దానికి అనేకరెట్లు వలయును.

ఇందలి వెలుగుగింజలను ఎల్. ఇ. డి. లందురు. వీనిలో తీగ కాలి వెలుగుట లేదు. అర్ధవాహకమను పదార్థపు తునుకలో విద్యుత్తు ఒక దిక్కున మాత్రమే ప్రవహించి వెలుగు నిచ్చును. కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగు నిచ్చుదానిని 1962లో అమెరికాలో నిక్ హోలొన్యాక్ నిర్మించెను. ప్రకాశవంతమైన నీలివెలుగునకు మఱి మూడు దశాబ్దులు పట్టినది. అందులకు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. మనము తెలుపని చూచునది నిజమునకు నీలపు తునుకయే. పైనున్న పసుపుపూత కొంత నీలమును మార్చి తెలుపుగా గనుపింపజేయును. ఈ పసుపుపూతను జ్ఞాపకముంచుకొనుడు.

తెల్లని గింజ యొక్కొక్కటికి సుమారు 3 వోల్టులు వలయును. నా దీపమున మూడేసి గింజలు ఒకే త్రాట గ్రుచ్చిన పూసలవలె నున్నవి. అట్టి వరుసలు మూడు. వరుసకు 9 వోల్టులు. గోడకు దగిలించు అడాప్టరు 12 ఇచ్చును. మిగిలిన మూడింటిని రెసిస్టరను చిన్నభాగము భరించి, ప్రవాహము హద్దు మీరకుండ కాచును.

నా పూర్వశిష్యుడొకడు ఈ పనివాడు. అతడు మీటరుతో అడాప్టరును కొలువగా సరిగా 12 వచ్చినది. నేను చిన్నబోతిని. అతడు నవ్వి, "బరువు మోపి కొలువవలెను, మాస్టరుగారూ" అని దీపమును తగిలించి కొలిచెను. అంకె 8కి దిగెను, దీపమారెను. బరువు తొలగగానే అంకె లేచెను, దీపము వెలిగెను. మిణుకుమిణుకునకు మూలమిది. గడియారమునకు 5 వోల్టులే చాలును గనుక దానికేమియు దెలియలేదు. అడాప్టరులో కెపాసిటరను చిన్నడబ్బీ యుండును. విడివిడిగా వచ్చు విద్యుత్తును తొట్టివలె నిలువజేసి ఎడతెగక యిచ్చుట దాని పని. ఏండ్లతరబడి వేడికి అందలి ద్రవమెండి, తొట్టి యింకిపోయినది.

క్రొత్త అడాప్టరు తెచ్చునపుడు వోల్టులు పాతదానితో సమానముగా నుండవలెను, ఆంపియర్లు తగ్గరాదు, ధన ఋణములు తారుమారు కారాదు.

దానిని మార్చినను ఒక వరుస వెలుగలేదు. చూడగా, నడిమిగింజ పసుపుపూతపై ఆవగింజలో సగమంత నల్లచుక్క! అదియే మాడిన గింజ. పూస యొకటి పగిలిన త్రాడంతయు తెగినట్లు, తక్కిన రెండును దానితో నారినవి. కొందరు అచట తీగముక్క నతికి పని జరుపుదురు. లెక్క చూడుడు: రెండు గింజలకు 6 పోగా రెసిస్టరుపై 6 పడును, అనగా ప్రవాహము రెట్టింపగును. నేడు వెలుగును, త్వరలో మిగిలినవియు మాడును. కావున అదే తరగతి గింజను, దిక్కు తప్పకుండ, సీసముతో నతికించితిమి. కాచిన యినుమును దానిపై ఎక్కువసేపు ఆనింపరాదు. వేడియే వీని మృత్యువు.

ఒక హెచ్చరిక. అడాప్టరు లేక తిన్నగా గోడకు దగిలించు దీపములలో 230 వోల్టులు లోపలనే యుండును. త్రాడు తీసినపిదపను కెపాసిటరులో కొంత నిలిచి యుండవచ్చును. అట్టివానిని, అడాప్టరునుగూడ, మనము విప్పరాదు.

శిష్యుడు కూలి పుచ్చుకొనలేదు. దీపమిపుడు మూడున్నరకే మినుకుమనుచున్నది. అయినను నన్ను పొడిచి లేపుటకు ఆమె చేతికందునట్లు ఒక వెదురుకఱ్ఱ నుంచితిని.