అటకకూ ఊపిరి కావాలి

అటక అంటే చాలామందికి పనికిరాని సామాను పడేసే చోటు. కాని రైతు ఇంట్లో దాని సంగతే వేరు. విత్తనపు కాయలు, ఉల్లిపాయలు, చింతపండు కుండలు, వచ్చే ఏటి ఆశలు అన్నీ అక్కడే ఉంటాయి. దాని కిందే ఇంట్లోని పెద్దవాళ్లు పడుకుంటారు. అటువంటి అటక ఎండాకాలం కుమ్మరి ఆవంలా కాగిపోతుంటే "ఎండలు అలా ఉన్నాయి, ఏం చేస్తాం?" అని సరిపెట్టుకుంటాం. నిజానికి చేయదగింది చాలా ఉంది. రైతుబిడ్డగా, భౌతికశాస్త్ర విద్యార్థిగా నాకు తెలిసినంతలో ఆ నాలుగు మాటలూ చెబుతాను.

పాత పెంకుటిళ్లలో ఈ బాధ కొంత తక్కువ. పెంకుకూ పెంకుకూ మధ్య సన్నని సందులుంటాయి. చూరు దగ్గర గోడకూ వాసాలకూ నడుమ ఖాళీ ఉంటుంది. ఎవరూ లెక్కవేయకుండానే గాలి చూరులోంచి వచ్చి పైసందుల్లోంచి పోయేది. ఇప్పుడు మా ఊళ్లో చాలామంది పెంకులు దింపేసి సిమెంటు రేకులు వేసుకున్నారు. ఎలుకలొస్తున్నాయని చూరుసందులు మూసేశారు. అందం కోసమని కింద సీలింగు కొట్టించారు. దాంతో అటక మూతపెట్టిన మూకుడైపోయింది!

ఇందులోని శాస్త్రం చాలా సులభం. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది. 35 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 50 డిగ్రీలకు వేడెక్కిన గాలికంటే సుమారు 50 గ్రాములు బరువెక్కువ. ఈ కాస్త తేడాయే గాలిని నడిపే ఇంజను. తేలికగాలి పైకి పోవాలని చూస్తుంది. కాని పైన ఒక్క చిల్లు పెడితే చాలదు. నూనెడబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది, రెండో చిల్లు పెడితే ధార కడుతుంది గదా! అటకా అంతే. కింద చూరులో గాలి వచ్చే దారి, పైన నడికప్పు దగ్గర పోయే దారి, రెండూ ఉండాలి. వీటి మధ్య ఎత్తు నాలుగింతలైతే గాలి వేగం రెండింతలవుతుంది. అందుకే ఒకటి వీలైనంత కింద, రెండోది వీలైనంత పైన పెట్టాలి.

ఇది ఒంటి సుఖం కోసం మాత్రమే అనుకోకండి. విత్తనశాస్త్రంలో హారింగ్టన్ సూత్రమని ఒకటుంది. నిలవచేసే చోట వేడి 5 డిగ్రీలు పెరిగితే విత్తనపు ఆయుష్షు దాదాపు సగమవుతుందని దాని సారాంశం. కింది గదికంటే అటక 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే ఆయుష్షు సగంలో సగం, అందులోనూ సగం. అంటే ఎనిమిదో వంతు! తొలకరికి వేసిన గింజ మొలవకపోతే మనం విత్తనాన్ని తిడతాం, వానను తిడతాం. అటకను మాత్రం అనుమానించం.

ఎంత సందు కావాలి? అమెరికాలో ఇళ్ల నిర్మాణ నియమావళి అటక వైశాల్యంలో 150వ వంతు ఖాళీ ఉండాలంటుంది. ఈ లెక్కన 300 చదరపుటడుగుల అటకకు 2 చదరపుటడుగులు. అందులో సగం కింద, సగం పైన ఇస్తే సరి. సన్నని ఇనుప వల బిగిస్తే ఎలుకలు, ఉడతలు రావు. వల కొంత గాలిని ఆపుతుంది కాబట్టి సందు కాస్త పెద్దదే పెట్టాలి. జల్లు కొట్టకుండా పైదానికి చిన్న చూరు దించాలి. ముసురు రోజుల్లో బయటిగాలే చెమ్మగా ఉంటుంది. అప్పుడు తలుపు వేసుకునే ఏర్పాటుండాలి. విత్తనాలను ముందే బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో పెట్టుకోవడం మేలు.

గాలి ఒక్కటే అన్నీ చేయలేదు. కాగిన రేకు కిందికి వేడిని కిరణాల రూపంలోనూ చిమ్ముతుంది. 60 డిగ్రీల రేకు 35 డిగ్రీల రేకుకంటే మూడోవంతుకు పైగా ఎక్కువ వేడి వెదజల్లుతుంది. దీనికి మందు పైన తెల్లసున్నం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించిందంటే ఇది పల్లెటూరి చిట్కా మాత్రమే కాదన్నమాట.

మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నిచ్చెన వేసుకుని ఒక్కసారి అటక ఎక్కండి. చూరుసందు దగ్గర అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగితే మీ ఇల్లు ఊపిరి పీలుస్తున్నట్లే. కదలకుండా నిలబడితే, ఒక మేస్త్రి కూలితో తీరే పని మీకోసం కాచుకుని ఉందన్నమాటే.